లైన్ నంబర్ కావాలంటే ఏ కమాండ్ వాడాలి: గ్రెప్, రిప్‌గ్రెప్, ఆక్, సెడ్ అన్నీ కలిపి నా రివ్యూ

పెద్ద ఫైల్లో ఒక మాట ఉందా లేదా అని చెప్పే టూల్స్ బోలెడు ఉన్నాయి. కానీ ఆ మాట ఎన్నో లైన్లో ఉందో సరిగ్గా చెప్పి, ఆ నంబర్ పట్టుకుని ఎడిటర్లోకి వెళ్తే కర్సర్ కరెక్టుగా అక్కడే ఆగేలా చేసేవి ఏవి అన్నదే ఈ రివ్యూ. స్పీడ్ గురించి అందరూ మాట్లాడతారు, రంగుల గురించి మాట్లాడతారు, వచ్చిన నంబర్ నమ్మొచ్చా లేదా అన్నది మాత్రం పెద్దగా ఎవరూ పట్టించుకోరు. నేను మార్కులు ముందు దానికే వేస్తాను, మిగతావన్నీ తర్వాత. ఎందుకంటే తప్పు నంబర్ ఇచ్చే టూల్ కన్నా అసలు నంబరే ఇవ్వని టూల్ నయం, కనీసం మనం దాన్ని నమ్మి ఇంకో లైన్ మార్చేయం కదా.

ఒక మాట ముందే చెప్పేస్తా, కమాండ్లన్నీ ఇక్కడ తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నా, టైప్ చేసేటప్పుడు మామూలుగా చిన్నక్షరాలే కొట్టండి, క్యాపిటల్ కావాల్సిన చోట క్యాపిటల్ అని చెప్తాను.

మొదలు గ్రెప్‌తోనే పెట్టాలి, వేరే దారి లేదు, ఫైల్లో మాట వెతికి అది ఉన్న లైన్లు చూపించే పాత కమాండ్ ఇది. కెన్ థాంప్సన్ రాసింది, 1973లో వచ్చిన యూనిక్స్ నాలుగో ఎడిషన్ మాన్యువల్లోనే ఉంది, ఇప్పటికీ ఏ లినక్స్ సర్వర్లోకి లాగిన్ అయినా, మ్యాక్ ఓపెన్ చేసినా, చిన్న కంటైనర్లోకి వెళ్ళినా ఏదో ఒక రూపంలో దొరుకుతుంది. "గ్రెప్ -ఎన్ ఎర్రర్ యాప్.లాగ్" అని కొడితే చాలు, "482:" అని నంబర్, కోలన్, తర్వాత ఆ లైన్ మొత్తం వస్తుంది. ఈ -ఎన్ అన్నది యూనిక్స్ రకం సిస్టమ్స్ పాటించే పోసిక్స్ స్టాండర్డ్‌లోనే ఉంది, ప్రతి ఫైల్‌కీ లెక్క 1 నుంచే మొదలవ్వాలని కూడా అందులోనే రాసుంది. అంటే లినక్స్‌లో మామూలుగా ఉండే గ్నూ గ్రెప్ అయినా, మ్యాక్‌లో వచ్చే బీఎస్‌డీ గ్రెప్ అయినా ఈ విషయంలో తేడా ఉండదు. మ్యాక్ గ్రెప్‌లో -క్యాపిటల్ పీ (పెర్ల్ తరహా ప్యాటర్న్‌లు) లేదు, ఇంకొన్ని తేడాలు ఉన్నాయి కానీ లైన్ నంబర్ మాత్రం రెండింట్లో ఒకేలా వస్తుంది, నాకు అదే ముఖ్యం.

ఒకే ఫైల్ ఇస్తే గ్రెప్ ఫైల్ పేరు చూపించదు, రెండు మూడు ఫైల్స్ ఇస్తే చూపిస్తుంది. స్క్రిప్ట్ రాసేవాళ్ళకి ఇది ఇబ్బంది, ఎందుకంటే స్టార్ పెట్టి ఫైల్స్ ఇచ్చినప్పుడు ఫోల్డర్లో ఒక్క ఫైలే ఉన్న రోజు అవుట్‌పుట్ రూపం మారిపోతుంది, మొదటి కోలన్ ముందు పేరుండాల్సిన చోట నంబర్ వచ్చి కూర్చుంటుంది. అందుకే -క్యాపిటల్ హెచ్ కూడా కలిపి వాడితే ఎప్పుడూ పేరు, నంబర్, లైన్ ఈ ఆర్డర్లోనే వస్తుంది. పాత గ్రెప్‌లలో ఈ ఆప్షన్ లేని కాలంలో జనం చివర్లో డెవ్ నల్ అనే ఎప్పుడూ ఖాళీగా ఉండే ఫైల్ కూడా ఇచ్చేవాళ్ళు, రెండు ఫైల్స్ ఉన్నాయి కాబట్టి పేరు తప్పకుండా వస్తుందని. విమ్ ఎడిటర్ డిఫాల్ట్‌గా గ్రెప్‌ని పిలిచే తీరులో ఇప్పటికీ ఆ డెవ్ నల్ కనిపిస్తుంది.

చుట్టూ ఉన్న లైన్లు కూడా కావాలంటే -క్యాపిటల్ ఏ తర్వాతివి, -క్యాపిటల్ బీ ముందువి, -క్యాపిటల్ సీ రెండు వైపులవీ ఇస్తుంది. ఇక్కడ గ్రెప్ చేసే ఒక చిన్న పని నాకు చాలా ఇష్టం, మ్యాచ్ అయిన లైన్‌కి నంబర్ తర్వాత కోలన్ పెడుతుంది, చుట్టుపక్కల లైన్‌కి హైఫన్ పెడుతుంది. "482:" అంటే మన మాట ఉన్నది, "483-" అంటే పక్కది. రంగులు లేని టెర్మినల్లో, ఎవరో పేస్ట్ చేసి పంపిన టెక్స్ట్‌లో కూడా ఏది అసలు మ్యాచో ఒక్క చూపులో తెలిసిపోతుంది. గుంపుకీ గుంపుకీ మధ్య రెండు హైఫన్ల గీత కూడా వస్తుంది.

ఇప్పుడు నంబర్లు ఎక్కడ దారి తప్పుతాయో చూద్దాం, ఈ రివ్యూ రాయడానికి అసలు కారణం ఇదే. ఎక్కువమంది పైపుల దగ్గర, అంటే ఒక కమాండ్ అవుట్‌పుట్‌ని ఇంకో కమాండ్‌కి పంపే చోట, దెబ్బ తింటారు. ముందు ఒక గ్రెప్‌తో "టైమౌట్" ఉన్న లైన్లు తీసి, దాన్ని ఇంకో గ్రెప్‌కి పైప్ చేసి రెండోదానికి -ఎన్ పెడతారు. అప్పుడు వచ్చే నంబర్ ఫైల్లోది కాదు, మొదటి గ్రెప్ వదిలిన అవుట్‌పుట్‌లోది. ఫైల్లో తొమ్మిది వేల పైచిలుకు లైన్లో ఉన్నది ఇక్కడ "7:" అని రావొచ్చు, చూడ్డానికి మాత్రం అచ్చం నిజమైన నంబర్ లాగే ఉంటుంది. అందుకని -ఎన్ ఎప్పుడూ ఫైల్‌ని నేరుగా చదివే మొదటి కమాండ్‌కే పెట్టాలి. కానీ అప్పుడు ఇంకో చిక్కు, రెండో గ్రెప్ ఆ నంబర్లనీ ఫైల్ పేర్లనీ కూడా టెక్స్ట్ లాగే వెతుకుతుంది. మీరు 404 కోసం వెతుకుతుంటే 404వ లైన్ కూడా ఊరికే వచ్చేస్తుంది, లైన్ మొదట్లో ఉండాలని టోపీ గుర్తు పెట్టి వెతికితే అసలేదీ దొరకదు. రెండు షరతులు ఉన్నాయంటే గ్రెప్ మీద గ్రెప్ కన్నా కింద చెప్పే ఆక్ మేలు.

సార్ట్ చేశాక -ఎన్ పెట్టడం కూడా ఇలాంటిదే. టెయిల్ -ఎఫ్ పెట్టి నడుస్తున్న లాగ్‌ని చూస్తూ గ్రెప్ -ఎన్ తగిలిస్తే లెక్క టెయిల్ మొదలుపెట్టిన చోటు నుంచి నడుస్తుంది, ఫైల్ మొదటి నుంచి కాదు. నిజమైన నంబర్లే కావాలంటే "టెయిల్ -ఎన్ +1 -ఎఫ్" అని మొదటి లైన్ నుంచి పంపించి, గ్రెప్‌కి లైన్ బఫర్డ్ ఆప్షన్ కూడా ఇవ్వండి. లేకపోతే గ్రెప్ తర్వాత ఇంకో పైప్ ఉన్నప్పుడు మ్యాచ్‌లు వెంటనే కనిపించవు, బఫర్ నిండాక ఒక్కసారిగా వచ్చి పడతాయి.

-సీ ఆప్షన్ గురించి కూడా ఒక ముక్క. అది మాట ఎన్నిసార్లు వచ్చిందో చెప్పదు, ఎన్ని లైన్లలో వచ్చిందో చెప్తుంది, ఒకే లైన్లో మూడుసార్లు ఉన్నా ఒకటే లెక్క. ప్రతి మ్యాచ్ విడివిడిగా కావాలంటే -ఓ, దానికి -ఎన్ కలిపితే ఒక్కో మ్యాచ్ ఏ లైన్దో ఆ నంబర్తో వస్తుంది, ఒకే నంబర్ మూడుసార్లు వచ్చిందంటే ఆ లైన్లో మూడుసార్లు ఉందన్నట్టు. వట్టి నంబర్లే చాలంటే "కట్ -డీ కోలన్ -ఎఫ్ 1"కి పైప్ చేయండి. మొదటిది ఒక్కటే చాలంటే -ఎమ్ 1 ఇవ్వండి, అక్కడితో చదవడం ఆపేస్తుంది, జీబీల ఫైల్లో ఈ తేడా బాగా తెలుస్తుంది. -వీ పెడితే ఆ మాట లేని లైన్ల నంబర్లు వస్తాయి, సీఎస్‌వీలో ఏ వరసలో కామా తగ్గిందో, కాన్ఫిగ్‌లో ఏ లైన్ ఫార్మాట్ తప్పిందో పట్టుకోవడానికి దీన్ని మించింది లేదు, జనం దీన్ని ఇంకా ఎక్కువ వాడాలని నా కోరిక.

-ఎఫ్ క్యాపిటల్ అలవాటు చేసుకోండి దయచేసి. ఐపీ అడ్రస్ 10.0.0.1 వెతికితే రెగెక్స్‌లో, అంటే గ్రెప్ వెతకడానికి వాడే ప్యాటర్న్ భాషలో, డాట్ అంటే ఏ అక్షరమైనా సరే అని, అందుకని 10.0.0.1 తో పాటు "10a0b0c1" లాంటి చెత్త కూడా మ్యాచ్ అవుతుంది, పైగా 10.0.0.15 కూడా వస్తుంది. -క్యాపిటల్ ఎఫ్ పెడితే డాట్ అంటే డాటే, దానికి -డబ్ల్యూ కూడా కలిపితే 10.0.0.15 కూడా పోతుంది. కోడ్‌లో బ్రాకెట్లు, డాలర్లు, స్టార్లు ఉన్న ముక్క వెతికేటప్పుడు కూడా ఇదే దిక్కు.

గ్నూ గ్రెప్ స్పీడ్ గురించి కొంచెం లోపలికి వెళ్తా, ఎందుకంటే అది లైన్ నంబర్‌తోనే ముడిపడి ఉంది. దాన్ని మొదట రాసిన మైక్ హేర్టెల్ ఈ స్పీడ్ ఎక్కడినుంచి వచ్చిందో 2010లో వివరంగా రాశారు. బోయర్-మూర్ పద్ధతి వాడటం వల్ల అసలు ప్రతి బైట్‌నీ చూడదు, వెతికే మాట పొడుగ్గా ఉంటే అంత దూరం గెంతుకుంటూ పోతుంది. ఇంకా ముఖ్యం ఏంటంటే ఫైల్‌ని ముందే లైన్లుగా ముక్కలు చేయదు, ముందు మ్యాచ్ దొరికాకే దాని అటూ ఇటూ లైన్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో చూసుకుంటుంది. మనం -ఎన్ అడిగామంటే మాత్రం దొరికిన చోటు వరకు ఎన్ని న్యూలైన్లు ఉన్నాయో లెక్కపెట్టక తప్పదు కదా, అంటే నంబర్ ఊరికే రాదు, దానికీ కొంత పని ఉంటుంది. మామూలు ఫైళ్ళకి ఆ తేడా మనకి కనపడదు. ఊరికే ఉందా లేదా అని మాత్రమే చూసే స్క్రిప్ట్‌లో -ఎన్ బదులు -క్యూ పెట్టి ఎగ్జిట్ స్టేటస్ చూడండి, దొరికితే 0, దొరక్కపోతే 1, ఫైల్ తెరుచుకోకపోవడం లాంటి తప్పు జరిగితే 2.

గ్రెప్‌లో నచ్చనిది బైనరీ ఫైల్ వ్యవహారం. లాగ్ ఫైల్లో ఎక్కడో ఒక్క నల్ బైట్ (విలువ సున్నా ఉన్న బైట్) పడిందంటే చాలు, మంచి టెక్స్ట్ ఫైలే అయినా బైనరీ ఫైల్ మ్యాచ్ అయిందని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటుంది, లైనూ లేదు నంబరూ లేదు. సర్వర్ మధ్యలో పవర్ పోయి లేచినప్పుడు లాగ్స్‌లో ఇలాంటి నల్ బైట్లు పడటం మామూలే, సరిగ్గా అప్పుడే మనకి ఆ లాగ్ అవసరం. -ఏ ఇస్తే టెక్స్ట్ లాగే చూసి నంబర్లతో సహా చూపిస్తుంది, కానీ కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఆ సంగతి ఆ మెసేజ్‌లోనే చెప్పి ఉంటే ఎంత బాగుండేది. ఇంకోటి -జెడ్, లైన్లు దాటి వెతకడానికి కొంతమంది ఇది వాడతారు, అప్పుడు లైన్ అంటే న్యూలైన్ వరకు కాదు, నల్ బైట్ వరకు, మామూలు ఫైల్ మొత్తం ఒకటే లైన్, నంబర్ ఎప్పుడూ 1. -జెడ్ పెట్టాక నంబర్ మీద ఆశ వదులుకోవాలి.

గ్రెప్‌కి నా మార్కులు 5కి 4.5. ఆ అర మార్కు బైనరీ మెసేజ్‌కే పోయింది.

రిప్‌గ్రెప్ సంగతి. ఆండ్రూ గాలంట్ రస్ట్‌లో రాశారు, 2016లో బయటికొచ్చింది, కమాండ్ పేరు రెండక్షరాలే, ఆర్‌జీ. విజువల్ స్టూడియో కోడ్‌లో ప్రాజెక్ట్ మొత్తం వెతికినప్పుడు వెనకాల పనిచేసేది ఇదే, కాబట్టి పేరు తెలియకపోయినా చాలామంది ఆల్రెడీ దీన్ని వాడుతున్నారు. ఫోల్డర్లో నిలబడి "ఆర్‌జీ కనెక్ట్" అంటే చాలు, లోపల ఫోల్డర్లన్నీ చూసి, ఫైల్ పేరు ఒకసారి పైన వేసి, కింద వరసగా నంబర్లతో లైన్లు పేరుస్తుంది, -ఎన్ అడగక్కర్లేదు. చదవడానికి ఇంత హాయిగా ఉండే అవుట్‌పుట్ ఇంకే టూల్‌కీ లేదు, ఈ మాట మనస్ఫూర్తిగా అంటున్నా. పెద్ద కోడ్‌లో అన్ని కోర్లూ వాడుకుంటుంది కాబట్టి స్పీడ్ గురించి ఫిర్యాదే ఉండదు.

కానీ ఒక విషయం తెలిసి ఉండాలి. స్క్రీన్ మీదకైతేనే నంబర్లు వస్తాయి, అదే అవుట్‌పుట్‌ని ఫైల్లోకి పంపినా ఇంకో కమాండ్‌కి పైప్ చేసినా నంబర్లు మాయం అయిపోతాయి. ఇది బగ్ కాదు, కావాలనే అలా పెట్టారు. స్క్రిప్ట్‌లో వాడేటప్పుడు -ఎన్ రాసి తీరాలి, వద్దనుకుంటే -క్యాపిటల్ ఎన్. అలాగే చాలా ఫైల్స్‌ని ఒకేసారి వెతుకుతుంది కాబట్టి ఏ ఫైల్ ముందొస్తుందో ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది, ఒక ఫైల్ లోపల నంబర్లు మాత్రం వరసగానే ఉంటాయి. రెండుసార్లు తీసిన రిజల్ట్స్‌ని డిఫ్ చేసి చూడాలంటే సార్ట్ పాత్ ఆప్షన్ ఇవ్వండి, కొంచెం నెమ్మదిస్తుంది కానీ ఆర్డర్ మారదు.

దొరకాల్సింది దొరక్కపోవడం ఇందులో ఇంకో పెద్ద విషయం. గిట్ (కోడ్ మార్పుల చరిత్ర దాచే టూల్) పట్టించుకోవద్దని గిట్ ఇగ్నోర్‌లో రాసిన ఫైల్స్, డాట్‌తో మొదలయ్యే దాచిన ఫైల్స్, బైనరీలు, వీటిని డిఫాల్ట్‌గా దాటేస్తుంది. కోడ్ వెతికేటప్పుడు అది వరం, బిల్డ్ ఫోల్డర్లో ఉన్న పదివేల లైన్ల చెత్త కళ్ళముందుకి రాదు. అదే డాట్ ఎన్వ్ ఫైల్లో ఉన్న సెట్టింగ్ కోసం వెతుకుతుంటే ఏమీ రాక అసలు లేదేమో అనుకుంటాం. -యూ ఒకటి పెడితే ఇగ్నోర్ ఫైల్స్ మాట వినదు, రెండు పెడితే దాచినవీ చూస్తుంది, మూడు పెడితే బైనరీలు కూడా. మాట కచ్చితంగా ఉందని తెలిసీ కనపడకపోతే ముందు మూడు యూలు పెట్టి చూడండి.

కాలమ్ ఆప్షన్ ఇస్తే లైన్‌తో పాటు ఆ లైన్లో ఎన్నో బైట్ దగ్గర మొదలైందో కూడా చెప్తుంది. మినిఫై చేసిన (ఖాళీలు తీసేసి కుదించిన) జావాస్క్రిప్ట్, ఒకే లైన్లో ఉన్న పెద్ద జేసన్ ఫైల్ లాంటి వాటిల్లో లైన్ నంబర్ ఎప్పుడూ 1 కదా, అక్కడ కాలమే గతి. పైగా అలాంటి లైన్ స్క్రీన్ మీద పడితే టెర్మినల్ మొత్తం నిండిపోతుంది, -క్యాపిటల్ ఎమ్ 200 అంటే అంతకన్నా పొడుగు లైన్ల టెక్స్ట్ వదిలేసి అక్కడ ఉందని మాత్రం చెప్తుంది. ఇంకా ఒక్కో అక్షరానికి కనీసం రెండు బైట్లు వాడే యూటీఎఫ్-16 ఫైల్స్, విండోస్ నుంచి ఎక్స్‌పోర్ట్ చేసినవి చాలా అలాగే వస్తాయి, వాటిల్లో గ్రెప్‌తో వెతికితే అక్షరాల మధ్య నల్ బైట్లు ఉండటం వల్ల ఏదీ దొరకదు, రిప్‌గ్రెప్ ఫైల్ మొదట్లో ఎన్‌కోడింగ్ ఏదో చెప్పే బామ్ గుర్తు చూసి తనే మార్చుకుని సరైన నంబర్ ఇస్తుంది. 5కి 4.5 దీనికీ ఇస్తా. అన్నిచోట్లా ముందే ఇన్‌స్టాల్ అయి ఉండదు, అదొక్కటే లోటు.

ఏక్, ఏజీ గురించి ఎక్కువ రాయను. ఆండీ లెస్టర్ పెర్ల్‌లో రాసిన ఏక్ 2005 నుంచి ఉంది, కోడ్ వెతకడానికి ప్రత్యేకంగా ఒక టూల్ ఉండాలన్న ఆలోచన జనానికి బాగా ఎక్కించింది అదే, పెర్ల్ ఉన్న చోట ఇప్పటికీ శుభ్రంగా పనిచేస్తుంది. తర్వాత జెఫ్ గ్రీర్ సీలో రాసిన సిల్వర్ సెర్చర్, అదే ఏజీ, స్పీడ్ తెచ్చింది. రెండూ లైన్ నంబర్లు బాగానే చూపిస్తాయి, ఇప్పటికే అలవాటున్నవాళ్ళు మానేయాల్సిన పనిలేదు, కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు మాత్రం నేరుగా రిప్‌గ్రెప్‌కి వెళ్ళిపోండి.

గిట్ వాడేవాళ్ళు మర్చిపోయే టూల్ ఒకటుంది, గిట్ గ్రెప్. గిట్ ట్రాక్ చేస్తున్న ఫైల్స్‌లోనే వెతుకుతుంది, వేరే ఇన్‌స్టాల్ అక్కర్లేదు, -ఎన్ పెట్టాలి, లేదా గిట్ కాన్ఫిగ్‌లో గ్రెప్ డాట్ లైన్‌నంబర్‌ని ట్రూ చేస్తే ఎప్పుడూ నంబర్లు వస్తాయి. దీనిలో నాకు బాగా నచ్చినవి రెండు. -పీ పెడితే ఆ లైన్ ఏ ఫంక్షన్‌లో ఉందో ఆ ఫంక్షన్ మొదటి లైన్ కూడా దాని నంబర్‌తో చూపిస్తుంది, తెలియని కోడ్ చదివేటప్పుడు ఇది చేసే మేలు అంతా ఇంతా కాదు. రెండోది, పాత కమిట్ (గిట్‌లో అప్పట్లో సేవ్ చేసిన కోడ్ రూపం) పేరు ఇస్తే ఆ రోజు ఫైల్లో ఆ మాట ఎన్నో లైన్లో ఉండేదో చెప్తుంది, చెక్అవుట్ చేయాల్సిన పనే లేదు. ప్రొడక్షన్ నుంచి వచ్చిన ఎర్రర్ ట్రేస్‌లో లైన్ 310 అని ఉంటుంది, మన దగ్గర కోడ్ అప్పటికే మారిపోయి ఉంటుంది, 310లో ఏదో సంబంధం లేనిది కనపడుతుంది, అలాంటప్పుడు రిలీజ్ అయిన ట్యాగ్ పేరు ఇచ్చి వెతికితే నంబర్లు ట్రేస్‌తో సరిపోతాయి. ఈ ఒక్క పనికే 5కి 5 ఇవ్వొచ్చు.

ఆక్ అంటే చాలామందికి కాలమ్స్ తీసే టూల్ గానే తెలుసు. 1977లో బెల్ ల్యాబ్స్‌లో ఆహో, వైన్‌బర్గర్, కెర్నిహాన్ ముగ్గురూ కలిసి చేసింది, అందులో ఎన్ఆర్ అనే వేరియబుల్ ఇప్పటివరకు చదివిన లైన్ల లెక్క. స్లాష్‌ల మధ్య మాట పెట్టి బ్రేసెస్‌లో ప్రింట్ ఎన్ఆర్ అంటే గ్రెప్ -ఎన్ పని అయిపోయినట్టే, కానీ దీని సత్తా అది కాదు. మూడో కాలమ్ 500 కన్నా ఎక్కువ ఉండి, ఐదో కాలమ్‌లో ఫెయిల్ అని ఉండి, ముందు లైన్లో రీట్రై అని ఉన్న లైన్ల నంబర్లు కావాలంటే ఏ గ్రెప్పూ పనికిరాదు, ఆక్‌లో ఒక్క లైన్లో అయిపోతుంది, పైగా ఫైల్‌ని నేరుగా చదువుతుంది కాబట్టి ఎన్ని షరతులు పెట్టినా నంబర్ అసలు ఫైల్దే. జాగ్రత్త ఎక్కడంటే ఒకటి కన్నా ఎక్కువ ఫైల్స్ ఇచ్చినప్పుడు ఎన్ఆర్ ఆగకుండా పెరుగుతూనే పోతుంది, రెండో ఫైల్ మొదటి లైన్ 1 కాదు, మొదటి ఫైల్ లైన్ల తర్వాతి నంబర్. ప్రతి ఫైల్‌కీ మళ్ళీ 1 నుంచి కావాలంటే ఎఫ్ఎన్ఆర్ వాడాలి, పక్కన ఫైల్‌నేమ్ కూడా ప్రింట్ చేసుకోవాలి. ఆక్ స్క్రిప్ట్స్‌లో నంబర్ తప్పు వచ్చిందని ఎవరైనా అడిగితే నేను ముందు చూసేది ఇదే.

టెక్స్ట్‌ని లైన్ లైన్‌గా చదివి మార్చే సెడ్‌లో -ఎన్ పెట్టి, స్లాష్‌ల మధ్య మాట ఇచ్చి, చివర ఈక్వల్ గుర్తు పెడితే వట్టి నంబర్లు మాత్రమే వస్తాయి, కట్ అక్కర్లేదు. సెడ్‌లో -ఎన్ అంటే నంబర్ అని కాదు, మామూలు ప్రింటింగ్ ఆపమని, గ్రెప్ అలవాటుతో కంగారు పడకండి. డాలర్ పక్కన ఈక్వల్ అంటే చివరి లైన్ నంబర్, అంటే మొత్తం లైన్లు. సెడ్ కూడా ఎక్కువ ఫైల్స్ ఇస్తే లెక్క కొనసాగిస్తుంది, గ్నూ సెడ్‌లో -ఎస్ పెడితే విడివిడిగా లెక్కపెడుతుంది. వెతకడానికన్నా నంబర్ దొరికాక ఆ చోటు చూడ్డానికి సెడ్ ఎక్కువ పనికొస్తుంది, "470,495పీ" అంటే ఆ మధ్య లైన్లన్నీ వస్తాయి, పెద్ద ఫైల్ అయితే సెమీకోలన్ పెట్టి "495క్యూ" కూడా రాయండి, లేదంటే చూపించాల్సింది చూపించేశాక కూడా ఫైల్ చివరి వరకు చదువుతూనే ఉంటుంది.

ఎన్ఎల్ అని ఒక కమాండ్ ఉంది, లైన్లకి నంబర్లు వేసేదే దాని పని. దీన్ని గ్రెప్‌కి పైప్ చేసి లైన్ నంబర్ తీసుకోమని సలహాలు కనపడుతుంటాయి, దయచేసి వినకండి. డిఫాల్ట్‌గా ఎన్ఎల్ ఖాళీ లైన్లకి నంబర్ వేయదు, లెక్కలోకి కూడా తీసుకోదు. ఫైల్లో పైన 30 ఖాళీ లైన్లు ఉంటే కింద ప్రతి నంబరూ 30 తక్కువ వస్తుంది, ఎడిటర్లో 482కి వెళ్తే మన మాట అక్కడ ఉండదు. "-బీ ఏ" అని ఇస్తే ఖాళీవి కూడా లెక్కపెడుతుంది కానీ అంత గుర్తుపెట్టుకునే బదులు "క్యాట్ -ఎన్" వాడితే అన్ని లైన్లకీ నంబర్ వేస్తుంది. అసలు గ్రెప్‌లోనే -ఎన్ ఉండగా ఈ రెండూ ఎందుకో. ఎన్ఎల్ ఈ పనికి 5కి 1.

విండోస్ వాళ్ళకి. ఫైండ్‌ఎస్‌టీఆర్‌కి స్లాష్ ఎన్ ఇస్తే గ్రెప్ లాగే నంబర్, కోలన్, లైన్ వస్తుంది. పాత ఫైండ్ కమాండ్‌కి స్లాష్ ఎన్ ఇస్తే నంబర్ చదరపు బ్రాకెట్లలో వస్తుంది. ఫైండ్‌ఎస్‌టీఆర్‌తో ఒకటే తలనొప్పి, కోట్స్‌లో రెండు మాటలు ఇస్తే వాటిని కలిపి వెతకదు, ఏ ఒక్కటి ఉన్నా చాలనుకుంటుంది, "లాగిన్ ఫెయిల్" అంటే లాగిన్ ఉన్నవీ ఫెయిల్ ఉన్నవీ అన్నీ వచ్చేస్తాయి, కలిపి కావాలంటే స్లాష్ సీ కోలన్ పెట్టి ఇవ్వాలి. పవర్‌షెల్‌లో సెలెక్ట్-స్ట్రింగ్ వీటన్నిటికన్నా మంచిది. అది ఇచ్చేది వట్టి టెక్స్ట్ కాదు, ఆబ్జెక్ట్, అందులో లైన్‌నంబర్ అనే ప్రాపర్టీ విడిగా ఉంటుంది, కోలన్ల దగ్గర కోసుకోవాల్సిన అవస్థే లేదు. ఫైల్ పేరులోనో డ్రైవ్ పేరులోనో కోలన్ ఉన్నా ఏమీ కాదు. పెద్దక్షరాలు చిన్నక్షరాలు తేడా చూడదు డిఫాల్ట్‌గా, అది మాత్రం గుర్తుంచుకోండి.

విండోస్ ఫైల్స్‌ని లినక్స్‌లో వెతికేవాళ్ళకి ఇంకో మాట, అక్కడ ప్రతి లైన్ చివరా క్యారేజ్ రిటర్న్ ఉంటుంది. నంబర్లకి ఏమీ కాదు, కానీ లైన్ చివర ఉండాలని డాలర్ పెట్టి వెతికితే ఏదీ దొరకదు, ఎందుకంటే మాటకీ డాలర్‌కీ మధ్య కనపడని ఆ అక్షరం ఉంది. ఇక బాగా పాత మ్యాక్ ఫైల్స్‌లో లైన్లు విడగొట్టేది వట్టి క్యారేజ్ రిటర్నే, న్యూలైన్ ఒక్కటీ ఉండదు, గ్రెప్‌కి ఫైల్ మొత్తం ఒకటే లైన్. వందల లైన్లు కనపడుతున్న ఫైల్‌కి నంబర్ ఎప్పుడూ 1 వస్తుందంటే ముందు టీఆర్ కమాండ్‌తో వాటిని న్యూలైన్లుగా మార్చి చూడండి. లైన్లు లెక్కపెట్టే డబ్ల్యూసీ -ఎల్‌కీ గ్రెప్ -ఎన్‌కీ చివర్లో ఒక్క నంబర్ తేడా వస్తే కంగారు వద్దు, చివరి లైన్‌కి న్యూలైన్ లేదు, డబ్ల్యూసీ న్యూలైన్లనే లెక్కపెడుతుంది.

తెలుగు టెక్స్ట్‌లో వెతికేవాళ్ళు ఈ పేరా తప్పకుండా చదవండి. యూటీఎఫ్-8 ఫైల్ అయితే గ్రెప్ అయినా రిప్‌గ్రెప్ అయినా తెలుగు మాటని హాయిగా పట్టుకుని నంబర్ ఇస్తాయి, దానికి ఏ సెట్టింగూ అక్కర్లేదు. కానీ కంటికి ఒకేలా కనపడే రెండు మాటలు లోపల వేరుగా ఉండొచ్చు. "సాఫ్ట్‌వేర్" అన్న మాటలో ట కింద వ వత్తు పడకుండా మధ్యలో కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్ ఉంటుంది, ఒకరు పెట్టి రాస్తారు, ఇంకొకరు పెట్టకుండా రాస్తారు, ఒకటి వెతికితే రెండోది రాదు. ఐత్వం గుర్తు కూడా అంతే, యూనికోడ్‌లో అది ఒకే అక్షరంగానూ ఉండొచ్చు, ఎత్వం దాని కింద ఐత్వపు వత్తు అని రెండు ముక్కలుగానూ ఉండొచ్చు, టూల్ మాత్రం బైట్లనే పోలుస్తుంది. రెగెక్స్‌లో డాట్ కూడా ఒక కోడ్ పాయింట్‌నే (యూనికోడ్‌లో సొంత నంబర్ ఉన్న ఒక ముక్కనే) తీసుకుంటుంది, "కి" అన్నది మనకి ఒక అక్షరమే కానీ దానికి రెండు డాట్లు కావాలి. అందుకని తెలుగులో వెతికేటప్పుడు మొత్తం మాట కాకుండా గుణింతం తిరకాసులు లేని చిన్న ముక్క ఇచ్చి చూడండి, లేదా ఐత్వం లాంటి తేడా పోవాలంటే ఫైల్‌ని ముందు ఎన్ఎఫ్‌సీకి, అంటే అలాంటి ముక్కల్ని ఒకే అక్షరంగా కలిపే యూనికోడ్ రూపానికి మార్చుకోండి (నాన్ జాయినర్ తేడా మాత్రం దీంతో పోదు), ఆ మార్పు వల్ల లైన్లు అటూ ఇటూ కావు కాబట్టి నంబర్లు అవే ఉంటాయి.

నంబర్ దొరికాక దాంతో ఏం చేస్తామన్నది కూడా రివ్యూలో భాగమే. "విమ్ +482 యాప్.లాగ్" అంటే నేరుగా అక్కడే తెరుచుకుంటుంది, నానోలో కూడా ప్లస్ ఇలాగే, విజువల్ స్టూడియో కోడ్‌లో "కోడ్ -జీ" పెట్టి ఫైల్ పేరు, కోలన్, నంబర్ ఇస్తే చాలు. ఫైల్ పేజీలుగా చదవడానికి వాడే లెస్‌లో -క్యాపిటల్ ఎన్ పెడితే పక్కన నంబర్లు కనపడతాయి, స్లాష్ కొట్టి అక్కడే వెతుక్కోవచ్చు. విమ్‌కి -క్యూ ఆప్షన్‌తో గ్రెప్ -ఎన్ -క్యాపిటల్ హెచ్ అవుట్‌పుట్ మొత్తం ఇచ్చేస్తే ఒక మ్యాచ్ నుంచి ఇంకోదానికి "సీ నెక్స్ట్" అంటూ పోవచ్చు, పేరు కోలన్ నంబర్ అన్న ఆ పాత ఫార్మాట్‌ని ఇన్ని టూల్స్ అర్థం చేసుకోవడమే గ్రెప్ ఇన్నేళ్ళు నిలబడటానికి ఒక పెద్ద కారణం అని నా నమ్మకం.

ఆ నంబర్లు పట్టుకుని ఫైల్లో లైన్లు తీసేస్తుంటే మాత్రం కింది నుంచి పైకి రండి. పైన 12వ లైన్ తీసేసిన క్షణమే కింద ఉన్న 482 కాస్తా 481 అయిపోతుంది, లిస్ట్‌లో మిగిలిన నంబర్లన్నీ ఒకటి తప్పినట్టే. సెడ్‌తో అయితే అన్ని నంబర్లూ ఒకే కమాండ్‌లో సెమీకోలన్లతో ఇచ్చేయండి, "12డీ;40డీ;482డీ" అని, అది చదువుతున్న అసలు ఫైల్ నంబర్లనే చూస్తుంది కాబట్టి వరస ఎలా ఉన్నా ఫర్వాలేదు. లాగ్ ఇంకా రాస్తూనే ఉన్న ఫైల్ అయితే ముందు ఒక కాపీ తీసుకుని దాని మీదే గ్రెప్ చేయండి, ఎందుకంటే లాగ్ రొటేట్ అయిందంటే అదే పేరుతో కొత్త ఫైల్ మొదలవుతుంది, మీ దగ్గరున్న నంబర్లు పాత ఫైల్‌వి. ఆ పాతది జీజిప్ అయిపోయి ఉంటే జెడ్‌గ్రెప్ -ఎన్ వాడండి, విప్పాల్సిన పని లేకుండానే లోపలి టెక్స్ట్ లైన్ నంబర్లు ఇస్తుంది.